నీలం రాని పల్లీలు

బంగారం పచ్చగా ఉంటుందని ఇరవై ఒక్క ఏళ్ళు నమ్మాను. నమ్మకపోవడానికి కారణమేమీ కనబడలేదు. మా ఇంట్లో ఉన్న బంగారమంతా కలిపితే అమ్మ పుస్తెలు, చెవుల కమ్మలు. అవి పచ్చగానే ఉండేవి. పాన్‌గల్ దగ్గర మా ఊళ్ళో ఇంకెవరి మెడలో చూసినా అంతే.

ఆ నమ్మకం పోయిన రోజు నేను పట్నంలో బయో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఆ చదువులోకి కోరి వచ్చినదాన్ని కాదు. వనపర్తిలో ఇంటర్ చదివి, డాక్టర్ సీటుకు పరీక్ష రాసి, అది రాక, రెండు రోజులు ఏడ్చి, ముఖం కడుక్కుని, దొరికిన సీటులో చేరాను. ఊరికి వెళ్ళినప్పుడల్లా అందరిదీ ఒకటే అనుమానం, ఇంజనీరా డాక్టరా అని. బోరు మోటరు చూడమని ఒకరు, మోకాలి నొప్పికి గోలీలు రాయమని ఒకరు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రెండూ రావని చెప్పి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. బయట అమ్మ వాళ్ళకు ఏదో సర్దిచెప్పుకునేది.

నాలుగేళ్ళు జీవకణాలతో గడిచాయి. వాటిని గాజు పళ్ళేల్లో పెంచాలి, వేళకు మేపాలి, వెచ్చగా ఉంచాలి, అంటు తగలకుండా కాయాలి. పాడి బర్రెకు కూడా మేము అంత సేవ చేయలేదు. ఇంతా చేస్తే ఒక్క పొద్దున నాలుగైదు పళ్ళేలు కలిసికట్టుగా చచ్చి ఊరుకునేవి. ఎందుకు చచ్చాయో చెప్పేవాళ్ళు ఉండేవారు కాదు.

ఒకరోజు మా డిపార్ట్‌మెంటులో గొట్టాలను గిరగిరా తిప్పే మిషన్ పాడైంది. పక్క భవనంలో నానో ల్యాబు ఉంది, వాళ్ళను అడగమన్నారు. నా కణాల గొట్టాలు పట్టుకుని వెళ్ళాను. అక్కడ ఒక మేడం గాజు కుప్పెలో నీళ్ళు మరగబెడుతున్నారు. నీళ్ళకు లేత పసుపు జాడ ఉంది, అంతే. మిషన్ ఖాళీ అయ్యేదాకా కూర్చోమన్నారు. ఆమె మరో గొట్టంలోని రంగులేని ద్రవాన్ని ఆ కుప్పెలో పోశారు. పసుపు జాడ పోయి నీళ్ళు తేటబడ్డాయి. కాసేపటికి లోపల ఎవరో సిరా విదిల్చినట్టు నల్లబడ్డాయి. నలుపు ఊదా అయింది. నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచానో నాకు తెలియదు. ఊదా మెల్లగా విరిగి ఎరుపు వచ్చింది. దానిమ్మ గింజలు పిండితే వచ్చే ఎరుపు.

"ఇదేంటి మేడం?" అన్నాను.

"బంగారం" అన్నారు ఆమె, స్టవ్ మీది నుంచి చూపు తిప్పకుండానే.

పల్లెటూరి పిల్లనని ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ఒళ్ళు మండింది. ఆమె ఆటపట్టించలేదు. కుప్పెను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించారు. అందులో కరిగి ఉన్న బంగారం ఇప్పుడు కంటికి కనబడనంత చిన్న రేణువులై ఉందట. తల వెంట్రుక మందాన వాటిని పక్కపక్కన పేర్చాలంటే వేలు కావాలట. అంత చిన్నదైతే బంగారం పచ్చగా ఉండదట. రేణువులు విడివిడిగా ఉంటే ఎరుపు, ఒకదానికొకటి అతుక్కుని గుంపు కడితే నీలం. అదే బంగారం, రంగేమీ కలపలేదు. "రంగు బంగారానిది కాదమ్మా, దాని సైజుది" అన్నారు.

ఇన్నేళ్ళు రంగంటే వస్తువుకు పుట్టుకతో వచ్చిన గుణమనుకున్నాను. చిన్నగా నలగ్గొడితే బంగారం కూడా తన రంగు మరిచిపోతుందా? అయితే ఇనుము ఏమవుతుంది, వెండి ఏమవుతుంది, మట్టి ఏమవుతుంది? ఒక్కటంటే ఒక్క ప్రశ్న కూడా సరిగ్గా అడగలేకపోయాను. నా కణాల గొట్టాలు ఆ బల్ల మీదే మరిచిపోయి హాస్టలుకు నడిచాను. మర్నాటికి అవి చచ్చాయి. నాకు పెద్దగా బాధ కలగలేదు.

పీజీకి నానోటెక్నాలజీ రాసుకున్నాను. ఆ తర్వాత పీహెచ్‌డీకి ఆ మేడం దగ్గరే అడిగాను. చేర్చుకున్నారు గానీ షరతు మీద. బయో నుంచి వచ్చిన పిల్లకు ఫిజిక్స్ చాలదని కమిటీలో పెద్దలు అన్నారట. రెండేళ్ళలో పనిచేసేది ఏదో ఒకటి చేసి చూపించాలి, లేకపోతే తిరిగి బయో వాళ్ళ దగ్గరికే పోవాలి. సంతకం పెట్టమంటే పెట్టాను. ఆ ఎరుపును చూస్తూ బతకడానికి అప్పుడు ఏ కాగితం మీదైనా పెట్టేదాన్ని.

ఇంటికి ఫోన్ చేసి నానో చదువుతున్నానని చెప్పాను. తర్వాతి సెలవులకు వెళ్ళేసరికి ఊరందరికీ తెలిసిపోయింది, నేను నానో యూరియాలో పనిచేస్తున్నానని. మా వైపు నానో అంటే అదొక్కటే, ఎరువుల దుకాణంలో దొరికే సీసా. మా వీధి పెద్దమనుషులు ఇద్దరు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. బస్తా యూరియా అంత సీసాలోకి ఎట్ల పడుతుందో చెప్పమన్నారు. నాది అది కాదు, బంగారం అన్నాను. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, బంగారం కూడా సీసాలోకి వచ్చిందా అని నిజంగానే అడిగారు. వచ్చిందని చెప్పక తప్పలేదు. నేను చెప్పింది పూర్తిగా నిజం, వాళ్ళు ఒక్క ముక్క నమ్మలేదు.

ల్యాబులో మొదటి నెల నా బంగారం ఎర్రబడలేదు. మేడం చేస్తే ఎరుపు, నేను చేస్తే నీలం. అవే నీళ్ళు, అదే కుప్పె, అదే స్టవ్. కుప్పెలను ఘాటు ఆమ్లంతో కడిగాను, నీళ్ళు మార్చాను, రోజు మార్చాను, చివరికి చెప్పులు కూడా మార్చాను. మూడు వారాల నీలం చూశాక మేడం వచ్చి నా పక్కన నిలబడి, నేను చేసే ప్రతి పనీ గమనించారు. గ్లౌజులు ఎక్కడి నుంచి తీస్తున్నావు అన్నారు. కోటు జేబులోంచి అన్నాను. ఆమె నా జేబులో చేయి పెట్టి ఒక చిన్న గుడ్డ మూట తీశారు. ముడి వదులైపోయి ఉంది. లోపల కళ్ళుప్పు, రెండు ఎండు మిరపకాయలు.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పోయిన సెలవుల్లో తెల్లకోటు వేసుకుని ఊళ్ళో ఫొటో దిగాను. ఊరందరి కండ్లు పడ్డాయని అమ్మ ఆ రోజు దిష్టి తీసింది. తీసి ఊరుకోకుండా, నాకు చెప్పకుండా, ఆ మూటను జేబు అడుగున దాచింది. ఆ ఉప్పు పొడి గ్లౌజులకు అంటుకుని నా బంగారంలోకి చేరుతోంది. మేడం కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అప్పుడు తన ఎర్ర బంగారమున్న సీసా ఒకటి తీసి, అందులో ఒక్క చుక్క ఉప్పునీరు వేసి చూపించారు. చుక్క పడ్డ చోటి నుంచి నీలం పొగలా లేచి, సీసా అంతా కమ్మింది. ఉప్పు తగిలితే రేణువులు విడిగా ఉండలేవు, గుంపు కట్టేస్తాయి.

"ఇప్పుడు ఆ రేణువులకు ఒక చొక్కా తొడుగుదాం" అన్నారు. రెండో సీసాలో డీఎన్ఏ ముక్కలు కలిపారు. డీఎన్ఏ నాకు తెలిసిందే, నాలుగేళ్ళు దానితోనే కాపురం చేశాను. అవి వెళ్ళి రేణువుల మీద పరుచుకున్నాయి. ఈసారి ఉప్పు చుక్క వేస్తే రంగు మారలేదు. ఎరుపు ఎరుపుగానే ఉంది. "ఈ డీఎన్ఏకు బంగారం కన్నా ఎక్కువ ఇష్టమైనది ఏదైనా నీళ్ళలో ఉందనుకో, అప్పుడేం చేస్తుంది?" అని అడిగారు.

బంగారాన్ని వదిలేసి దాన్ని పట్టుకుంటుంది. చొక్కా పోయిన బంగారాన్ని ఉప్పు నీలం చేస్తుంది. జవాబు నా నోటికి రాకముందే చేతుల మీద వెంట్రుకలు లేచాయి. కంటికి కనబడనిది నీళ్ళలో ఉందో లేదో ఒక రంగు చెప్పేస్తుందన్నమాట. నేను పారేసుకుని వచ్చాననుకున్న బయో చదువు, నేను వెంటపడి వచ్చిన ఈ ఎరుపు, రెండూ ఆ సీసాలో కలిసి ఉన్నాయి. అప్పటికి నాకు ఆకలి వేస్తోందని కూడా తెలియలేదు.

దేన్ని పట్టుకోవాలో నేనే ఎంచుకున్నాను. మాది పల్లీల నేల. పల్లీలు తడిసి బూజు పడితే, ఆ బూజులో ఒక విషం పుడుతుంది. దానికో పొడుగాటి పేరుంది, అది పక్కన పెడదాం. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఒక్కరోజులో ఏమీ చేయదు. ఏళ్ళ తరబడి తింటే కాలేయాన్ని తినేస్తుంది. పరీక్ష చేయాలంటే పట్నంలో పెద్ద మిషన్ కావాలి. నా సీసా అయితే చేను గట్టు మీద కూడా పనిచేస్తుంది. ల్యాబులో కొనుక్కొచ్చిన విషాన్ని మంచి పల్లీల్లో కలిపి చూస్తే నీలం వచ్చింది. కలపకపోతే ఎరుపు. ఏడాదిన్నర పట్టింది గానీ వచ్చింది.

కమిటీ ముందు సీసాలు పెట్టాను. అందరూ వంగి చూశారు. అందులో ఒక పెద్దాయన ఒకటే మాట అన్నారు, నువ్వు కలిపిన విషాన్ని నువ్వు పట్టుకోవడం గొప్పా అని. పంటలో తనంతట తాను పుట్టిన విషాన్ని పట్టుకుని చూపించమన్నారు. ఒక్కటి చాలు, పెద్ద మిషన్ కూడా అవునంటే చాలు అన్నారు. దసరా సెలవుల తర్వాత మళ్ళీ కూర్చుంటారు. అప్పటికి అది లేకపోతే నేను ఈ భవనం వదలాలి. ఆయన మీద పీకల దాకా కోపం వచ్చింది, కానీ ఆయన అడిగింది న్యాయమే.

ఐస్ డబ్బాలో ఎర్ర సీసాలు, ఉప్పునీరు, విషాన్ని కరిగించే ద్రావకం, నూరడానికి చిన్న గాజు కల్వం, వడగట్టే కాగితాలు సర్దుకుని పాలమూరు వైపు బస్సెక్కాను. చెడ్డ పల్లీలు దొరకడం ఎంతసేపు అనుకున్నాను.

మొదట నాగర్‌కర్నూల్. పల్లీలు కొనే ఒక పెద్ద వ్యాపారి దుకాణానికి వెళ్ళాను. గడ్డం నెరిసిన చాచా, తక్కెడ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఉన్నదున్నట్టు అడిగేశాను, మీ దగ్గర బూజు పట్టిన పల్లీలుంటే కొన్ని ఇవ్వండి అని. అడగకూడని మాట అడిగానని ఆయన ముఖం చూశాక తెలిసింది. తన దుకాణంలో చెడ్డ మాల్ ఉందని ఎవరు చెప్పారని ఆయన నిలదీశాడు. ఎక్కడి నుంచి వచ్చావంటే నానో అన్నాను. యూరియా సీసాల వాళ్ళకు పల్లీలతో ఏం పని అన్నాడు. నేను నెత్తి కొట్టుకుని, సీసా తీసి చూపించి, ఇది బంగారమని చెప్పాను.

ఆయన సీసా తీసుకుని గుమ్మంలోకి నడిచి ఎండలో పట్టుకున్నాడు. "నలభై ఏండ్ల సంది బజార్ల ఉన్న. సోనా గిట్ల ఉంటదని ఎవ్వరు చెప్పలె" అన్నాడు. పక్క దుకాణాల వాళ్ళను కేకేసి చూపించాడు. నాకు చాయ్ తెప్పించాడు. తర్వాత తన దుకాణంలోని అన్నిటికన్నా మేలైన పల్లీలు దోసిలి నిండా పోసి, చెయ్యి అన్నాడు. చెడ్డవి కావాలి చాచా అంటే వినిపించుకోలేదు. చేశాను. ఎరుపు. తన పల్లీలు పాసయ్యాయని కాగితం మీద రాసివ్వమన్నాడు. అట్లాంటి కాగితం ఇచ్చే అధికారం నాకు లేదని ఒప్పించేసరికి బస్సు వెళ్ళిపోయింది.

అందరూ అంతే చేశారు. ఎవరి దగ్గరికి వెళ్ళినా మంచివే పెట్టారు. పరీక్ష అనే మాట వింటే చాలు, మనవాళ్ళు పెళ్ళిచూపులకు పిల్లను తయారుచేసినట్టు పల్లీలను తయారుచేస్తారు. ఏరి, చెరిగి, తుడిచి మరీ ఇచ్చారు. బూజు సంగతి నేను ఎత్తగానే ముఖాలు మాడిపోయేవి. రెండో రోజుకు అడగడం మానేసి, ఏవి ఇస్తే అవి పట్టుకున్నాను.

గద్వాలకు ఆత్మకూరు మీదుగా వెళ్ళాను. బస్సు జూరాల డ్యాం మీద నడుస్తుంటే ఒక పక్క కృష్ణ నిండుగా ఉంది. ఒళ్ళో ఐస్ డబ్బా ఉంది. ఒక సీసా తీసి కిటికీకి పెట్టి చూశాను. వేలెడంత సీసా. అందులో ఎన్ని రేణువులున్నాయో అంకెలు వేయగలను గానీ, ఊహించుకోలేను. ఒక్కో రేణువూ తన చుట్టూ డీఎన్ఏ కప్పుకుని, ఎదురుచూస్తూ ఉంది. నేను చూస్తున్నది నిజంగా నేను చేసిందేనా అనిపించింది. ఓడిపోయినా సరే, ఇది చూశాను కదా అనుకున్నాను. పక్క సీటు ఆవిడ అది దగ్గు మందా అని అడిగింది.

గద్వాలలో మూడు గోదాములు, రెండు ఊళ్ళు. ఎరుపు. ఒక ఊళ్ళో సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడే ముసలమ్మ మాత్రం ఉట్టి మీది నుంచి పోయినేడు పల్లీలు దించి ఇచ్చింది. వాటి మీద ఆశ పెట్టుకున్నాను. అవీ ఎరుపే. వనపర్తి గంజ్‌లో, పంటలు కొనే మార్కెట్లో, ఒక పొద్దంతా కూర్చున్నాను. ఎరుపు, ఎరుపు, ఎరుపు. ఏ రంగును చూసి నా జీవితం మళ్ళించుకున్నానో ఆ రంగు కనబడితే కసి పుట్టడం మొదలైంది. గంజ్ బయట అరుగు మీద కూర్చుని దేవుణ్ణి అడిగాను, ఒక్క నీలం ఇవ్వమని. ఒక్కటంటే ఒక్కటి. ఏం అడుగుతున్నానో ఆ క్షణంలో నాకు తట్టలేదు.

చేతిలో రెండు సీసాలు మిగిలాయి. ఇంటికి వెళ్ళాను.

అమ్మ నా ముఖం చూడగానే పట్టేసింది. ఏమైందని అడిగింది. విసుగ్గా ఉంది, వివరించే ఓపిక లేదు. నీలం వస్తే పాస్, ఎరుపొస్తే ఫెయిల్, అన్నీ ఎరుపే వచ్చాయి, ఇక వదిలెయ్ అన్నాను. అంత పెద్ద విషయాన్ని ఒక్క ముక్కలో చెప్పి అటు తిరిగి పడుకున్నాను. ఈనాటికీ ఆ తొందరపాటుకు నన్ను నేను తిట్టుకుంటాను.

పొద్దున్నే అమ్మ నా ముందు ఒక గిన్నె పెట్టింది. నిండా పల్లీలు. మన పల్లీలు కూడా చూడమంది. మనవి ల్యాబులో ఎప్పుడో చూశాను, బస్తాలోవి, అవీ ఎరుపే అన్నాను.

"బస్తాలయి విత్తనం పల్లీలు. గియి డబ్బాలయి, తినేటియి" అంది.

విత్తనానికి పల్లీలు ఒలిచేటప్పుడు మా ఇంట్లో ఎప్పుడూ చేసే పనే అది. నిండు గింజలు విత్తనానికి, ఆ తర్వాత మేలైనవి అమ్మకానికి. ముడతలు పడ్డవి, ముక్కలైనవి, నల్లమచ్చ ఉన్నవి ఏరి వంటింటి డబ్బాలో పోస్తారు. ఏడాది పొడుగునా పల్లి పొడి అందులోంచే. మా ఇంట్లోనే కాదు, మా వైపు ఏ ఇంట్లోనైనా అంతే. ఆ పని చేస్తూ పెరిగాను. ఏరడం నాకు బాగా వచ్చని అమ్మ మెచ్చుకునేది కూడా. మూడు జిల్లాల్లో చెడ్డ పల్లీల కోసం కాళ్ళరిగేలా తిరిగినదాన్ని, అవి ఎక్కడుంటాయో నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

అప్పుడు కూడా గుర్తు రాలేదు. అమ్మ మనసు నొప్పించడం ఎందుకని మొదలుపెట్టాను, అంతే. కల్వంలో నూరాను. ద్రావకంలో వేసి ఊపాను, తేరనిచ్చాను, కాగితంలో వడగట్టాను. అమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. పొలానికి పోవడానికి సిద్ధమైన నాన్న గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని జొన్న రొట్టె తింటున్నాడు. ఆ తేటను కొంచెం తీసి ఎర్ర బంగారపు సీసాలో పోశాను. ఆగాల్సినంతసేపు ఆగాను. ఉప్పు చుక్క వేశాను.

మొదట చుక్క చుట్టూ ఊదా గీత వచ్చింది. వచ్చి ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. ఎరుపును పక్కకు నెట్టుకుంటూ కిందికి దిగింది, అడుగు దాకా వెళ్ళింది, వెనక్కి తిరిగి పైకి లేచింది. నేను చూస్తుండగా సీసా మొత్తం నీలమైంది. వానాకాలపు మబ్బు నీలం. పరీక్షలో అట్లాంటి నీలం ఇప్పటిదాకా నా ల్యాబులో, నేను కలిపిన విషంతో మాత్రమే చూశాను. ఇది ఎవరూ కలపనిది. నేలలో పుట్టి, తడిలో పెరిగి, ఎవరి కంటా పడకుండా దాక్కున్నదాన్ని, కంటికి కనబడని రేణువులే పట్టి బయటపెట్టాయి. మిగిలిన సీసాతో మళ్ళీ చేశాను. మళ్ళీ నీలం. పట్నంలో పెద్ద మిషన్ కూడా ఆ తర్వాత ఆ పల్లీల గురించి అదే మాట చెప్పింది.

దాచుకోకుండా చెబుతున్నాను, నాకు ముందు కలిగింది సంతోషమే. గెలిచాననుకున్నాను. భవనం వదలక్కర్లేదు, ఆ పెద్దాయన ముందు ఈ సీసా పెడతాను, ఆయన ముఖం చూస్తాను. నవ్వు ఆగడం లేదు. నా నవ్వు చూసి అమ్మ సీసా వైపు వంగింది.

"నీలం వచ్చింది గదా బిడ్డ. పాసైనవ్."

అవునన్నట్టు తలూపాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. డబ్బాను ఒళ్ళోకి తీసుకుని మూత మీద అరచేత్తో తట్టింది. ఊరూరు తిరిగితే రానిది మనింటి పల్లీలకు వచ్చింది చూడు అంది. గింజలు చిన్నవని నాన్న ఎప్పుడూ వంక పెడతాడట, ఇప్పుడేమంటాడో అడుగు అంది. ఆ తర్వాత ఒక సంచి దులిపి, అందులోకి దోసిళ్ళతో పల్లీలు పోయడం మొదలుపెట్టింది.

"మీ మేడంకు గూడ ఇన్ని పట్టుకపో. పొద్దుగూకేలోపట పొడి కొట్టిస్త."

అప్పుడు తట్టింది నాకు. తల మీద ఎవరో చల్లనీళ్ళు కుమ్మరించినట్టయింది. గంజ్ బయట నేను దేవుణ్ణి అడిగింది ఇదా? ఎవరి ఇంట్లోనో ఒకరింట్లో విషం దొరకాలని కాళ్ళు మొక్కానా? ఎవరి ఇల్లని అనుకున్నాను నేను?

"అమ్మ, ఆగు" అన్నాను. నీలం అంటే పాస్ కాదని, ఆ మాట నేను తప్పు చెప్పానని చెప్పాను. నీలం వస్తే అందులో విషం ఉన్నట్టు. నా చదువు పాసైంది, పల్లీలు కాదు. అమ్మ చేతులు సంచిలోనే ఉండిపోయాయి. వేయిస్తే పోదా అని అడిగింది. పోదన్నాను. ఎండబెడితే అంది. పోదన్నాను. నూనె వాసన రాలేదే, చేదు లేదే అంది. ఉండదమ్మా, అందుకే అది ఎవరికీ తెలియదు అన్నాను. పోయిన ఏడాది కల్లంలో బుడ్డలు, అదే పల్లికాయలు, వానకు తడిసినప్పుడు మళ్ళీ ఆరబెట్టానని, చేయాల్సిందంతా చేశానని అమ్మ నాకు చెప్పుకుంది, నేనేదో తప్పు పట్టినట్టు.

సంచిలోంచి చేతులు తీసి డబ్బాలోకి చూసింది.

"మంచియి అమ్మితిమి, విత్తుకుంటిమి. మిగిలినయి మనం తింటిమి. గిది తప్పని ఎవలకు తెల్సు బిడ్డ?" అంది. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది, నేను తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

అమ్మ లేచింది. గుమ్మం దగ్గరికి నడిచి, వంగి, నాన్న ముందున్న పళ్ళెం తీసుకుంది. పళ్ళెంలో సగం రొట్టె, దాని పక్కన పల్లి పొడి. నాన్న చేతిలో ఒక ముక్క మిగిలింది. దాన్ని నోటి దాకా తీసుకెళ్ళినవాడు ఆగి, అమ్మను చూశాడు, నన్ను చూశాడు.

"ఏమైంది?" అన్నాడు.

అమ్మ ఆయన చేతిలోని ముక్క కూడా తీసుకుని పళ్ళెంలో వేసింది. "నువ్వే చెప్పు" అంది నాతో. "నాకు చెప్పనీకి రాదు."